లచ్చవ్వ ఉత్తరాలు

18 ఆగస్టు 1987, పెద్దపల్లి

నా భార్య సరళ పోయి నాలుగు నెలలు. ఈరోజు మా బాలవాడీ బడికి పైఅధికారి సర్వే ఫారాలతో వచ్చాడు. పొద్దున నాకు సంతాపం చెప్పి, మధ్యాహ్నానికి ఆమె నడిపిన తల్లుల తరగతికి ఎసరు పెట్టాడు.

"పిల్లకు పుస్తకాలు చదివి వినిపిస్తావా?" అని ఆ తరగతికొచ్చే లచ్చవ్వను అడిగాడు.

"మా ఇంట్ల పుస్తకాలేడివి సారూ? బీడీల తునికాకున్నది, అది సదువాల్నా?"

బీడీలు చుట్టే ఆడవాళ్లంతా నవ్వారు. అతను నవ్వకుండా "లేదు" అని రాసుకున్నాడు.

ఇదే లచ్చవ్వ, దుబాయి నుంచి మొగుడు రాసే ఉత్తరాన్ని పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, వేలు పెట్టి చదువుతుంది. సరళ రెండేళ్లు ఓపికగా నేర్పింది. నాలుగేళ్ల పిల్ల ఉత్తరంలో "బాపు" అన్న మాట ఎక్కడున్నా చూపిస్తుంది. అయినా లచ్చవ్వ లెక్కలో ఉత్తరం చదవడం చదువు కాదు.

"ఉత్తరాల సంగతి అడగండి," అన్నాను.

"ఫారంలో ఆ గడి లేదండీ."

"గీయడానికి మీకు చేతులు లేవా?"

అతని మొహం మాడింది. తల్లులకు చదువు రాలేదని రాస్తానని, తరగతి మూసి ఆ గదిలో బియ్యం బస్తాలు పెట్టిస్తానని చెప్పాడు. తాళంచెవి అడిగాడు. పోయిందన్నాను. సరళ ఉంటే నా మొహం చూసి అబద్ధమని పట్టేసేది. ఇతనికి అదీ చదవడం రాలేదు.

అతని జీపు వెళ్లాక లచ్చవ్వ దగ్గరికొచ్చింది.

"తాళంచెవి నీ జేబులనే ఉన్నది గద సారూ. గలగలమంటుంది."

"రేపు సాయంత్రం తరగతికి ఉత్తరం తెచ్చుకో," అన్నాను.