నా సమాధి కింది మన్ను

2019 డిసెంబరు 4, బుధవారం. మంచు బాగా పడింది. బర్రెకు గడ్డి వేసి వచ్చి ఇది రాస్తున్నాను.

గుండవేని రాజలింగం అనే నేను తెలివిలో ఉండి, ఎవరి మాటా వినకుండా, నా చేతులారా రాసుకున్న వీలునామా ఇది. ఒళ్లు బాగాలేదు. మతి బాగానే ఉంది.

1. అయ్య పోయాక భూమిని రెండు చెక్కలు చేసింది పెద్దవాణ్ణయిన నేను. ముందు కోరుకున్నది తమ్ముడు ఓదేలు. మా వైపు రివాజు అదే. బావి ఉందని వాడు మీది చెక్క కోరుకున్నాడు. మూడో ఏడు బావి ఎండింది. "ఎండుతదని ఎరికుండే గిట్ల పంచినవ్ అన్నా" అన్నాడు. అక్కడి నుంచి మా రెండు చెక్కల నడుమ గెట్టు పంచాయితీ, ఆపైన కోర్టు. అలసిపోయాను. కనుక నా కొడుకులు సదానందం, సంపత్ నా చెక్కను విడగొట్టుకోకూడదు. చెరి సగం దున్నుకుని, ప్రతి ఉగాదికి మీది సగం, కింది సగం మార్చుకోవాలి.

2. గెట్టు దావా వదులుకోవాలి. నడిపినవాడికి నా భూమిలో వంతు లేదు. సదానందం ఇది చదివి కోపం చేస్తాడు. చేయనీ.

3. ఇల్లు, బర్రె నా భార్య రాజవ్వకు. ఆమెను నెలకొకరని వంతులు వేయొద్దు. కొడుకులే ఆమె దగ్గరికి రావాలి. పెట్టెలోని కొత్త గొంగడి కూడా ఆమెదే. గుచ్చుకుంటుందని చెప్పి నేను కప్పుకోలేదు గానీ, అది గుచ్చుకోదు.

4. అయ్య, అవ్వల సమాధులు ఓదేలు చెక్కలో ఉన్నాయి. నన్ను వాళ్ల పక్కన పెట్టాలని నా కోరిక. నిన్న వాడి వాకిట్లోకి పోయి అడిగాను. కూర్చోమనలేదు.

"బతికినన్నొద్దులు గెట్టుకాడ కొట్లాడితివి, సచ్చినంక నా చెల్కల్నే పంటవా? మా అయ్య ఈడనే ఉన్నడని రేపు నీ కొడుకులు గుంజలు పాతరా?" అన్నాడు.

మరదలు కనకవ్వ లోపలి నుంచి, "బతికుండంగ ఒక్క మంచం మీద కూసోకపోతిరి. గట్లనన్న పక్కపక్కకు పండుర్రి" అంది.

ఆ మాటకు వాడు "రాసియ్యి" అన్నాడు.

రాసిస్తున్నాను. నా సమాధి వల్ల నా కొడుకులకు గాని, వాళ్ల పిల్లలకు గాని ఆ మన్నులో పిడికెడు హక్కు కూడా రాదు. గద్దె కట్టొద్దు, రాయి పాతొద్దు, చెట్టు నాటొద్దు. ఓదేలుకు అవసరం పడితే నా మీదుగా దున్నుకోవచ్చు.

సంతకం: గుండవేని రాజలింగం

సాక్షులు:
వేములవాడ నర్సింహాచారి, వడ్రంగి
గుండవేని ఓదేలు, తమ్ముడు (వేలిముద్ర)

ఓదేలు నాలుగోది రెండుసార్లు చదివించుకున్నాడు. "గా దున్నుడు మాట కొట్టెయ్యే" అన్నాడు. కొట్టెయ్యలేదు. కాగితంలో ఉండనీ.