వరస నిండితే మాయం

బెంగళూరు

అక్కకు,

ముందుగా నీ కాళ్ళకు, బావ కాళ్ళకు దండాలు. నేనిక్కడ బాగున్నాను. మీరంతా అక్కడ బాగున్నారనే అనుకుంటున్నాను, అనుకోవడం తప్ప నువ్వు నాకు వేరే దారి ఉంచలేదు కాబట్టి. ఫోన్ చేస్తే మంజుల ఎత్తుతుంది. "అత్తమ్మ తానం చేస్తున్నది చిన్నత్తా" అంటుంది. పొద్దున చేసినా అదే మాట, సాయంత్రం చేసినా అదే మాట. గద్వాలలో నల్లా నీళ్ళు అంత ధారాళంగా ఎప్పటినుంచి వస్తున్నాయో నాకు తెలియదు. కోపంతో నువ్వు ఫోన్ దగ్గరికి రావడం లేదని మాత్రం తెలుసు. అందుకే కాగితం పట్టాను. నీకు చదువు రాదు, నీ కోడలు చదివి వినిపించక తప్పదు. మంజులా, ఒక్క ముక్క కూడా మింగకుండా గట్టిగా చదువు. నీ పేరు వచ్చిన చోట సిగ్గుపడి దాటేయకు.

మొన్న ఆ పిల్లే ఫోన్లో నోరు జారింది. నేను ఇల్లు వదిలిన దగ్గరనుంచి మగ్గం నడవడం లేదట. సగం నేసిన చీర మీద పాత దుప్పటి కప్పి పెట్టావట. కుట్టు చీర ఒక్కరితో అయ్యేది కాదన్నది నిజమే. నూలు ఒంటిని పట్టు అంచుతో పోగుపోగుకూ మెలేసి కలపాలంటే అటు పక్క కూర్చుని పట్టు పోగు మోసే అంచు నాడె అందించే చెయ్యి ఒకటి ఉండాలి. ఇన్నేళ్ళూ అది నా చెయ్యే. కానీ మంజుల తనంతట తాను వచ్చి "నేను కూసుంట అత్తమ్మా, జర నేర్పు" అని అడిగితే నువ్వేమన్నావు? "అది సులోచన జాగ. కల్వకుర్తిల కిరాణా దుకాణంల పెరిగినదానికి నాడె సంగతేం తెల్సు" అన్నావట. కోపం నా మీదైతే నన్ను తిట్టాలి గానీ మగ్గాన్ని పస్తు పెడతారా? మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంటే నడుము పూర్తిగా పోతుందని దవాఖానలో డాక్టర్ చెప్పినప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు. విన్నావు కూడా. అయినా నేనేదో సాకు పెట్టుకుని పారిపోయానని నీ మనసులో నాటుకుంది.

సరే, దాని సంగతికి మళ్ళీ వస్తాను. నా క్షేమం ముందు చెప్పకపోతే బావ బెంగ పెట్టుకుంటాడు. ఇక్కడ నాకు ఏ లోటూ లేదు. పనికి కుదిరిన ఇంట్లో పడుకోవడానికి వేరే గది ఇచ్చారు. ఎండాకాలంలోనూ దుప్పటి కప్పుకోవాలంటే నువ్వు నమ్మవు. సాంబారులో బెల్లం వేస్తారు, మొదటిరోజు ఒక ముద్ద తిని ఇది పాయసమేమోనని గిన్నెలోకి మళ్ళీ చూశాను. జొన్నరొట్టె నేనే చేసుకుంటున్నాను గానీ పుంటికూర తొక్కు లేక అది గొంతు దిగడం లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే ఒక సీసా పంపండి. మనుషులే దొరకరు. ఎదురింటి తలుపు తెరుచుకోగా నేనింతవరకు చూడలేదు. మన వీధిలో ఏ ఇంట్లో మగ్గానికి ఏ రంగు పడుగు ఎక్కిందో అందరికీ తెలుసు, ఇక్కడ పక్కింట్లో మనిషి ఉన్నదీ లేనిదీ తెలియదు. దిగులుగానే ఉంటుంది. అయినా బాగున్నాను, బెంగపడకండి.

నేను చూసుకునే పెద్దావిడ డాక్టరమ్మ. కాన్పులు, ఆపరేషన్లు చేసి రిటైరైంది. కొంతకాలం రాయచూరులో పనిచేయడంతో తెలుగు బాగానే వచ్చు. ఇప్పుడు కాళ్ళు సరిగా నడవవు గానీ చూపు మాత్రం సూది మొనే. ఆమె ఒకసారి నావైపు చూస్తే నేను చేయని తప్పు కూడా ఒప్పుకునేలా ఉంటాను. రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే గది తలుపు వేయించుకుని, "ఇప్పుడు నన్ను ఎవరూ పిలవొద్దు" అంటుంది. డాక్టర్ పుస్తకాలు చదువుకుంటుందని అనుకున్నాను. అంత పెద్దమనిషి తలుపు వేసుకుని ఇంకేం చేస్తుంది?

ఒకరోజు ఆమె కొడుకు నా ఫోన్‌కు చేస్తే ఇద్దామని లోపలికి వెళ్ళాను. అక్కా, ఆ అదురు నాకు ఇంకా తగ్గలేదు. డాక్టరమ్మ పలకంత ఫోన్ ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లలా పెదవి కొరుకుతూ ఆట ఆడుతోంది. పైనుంచి రంగురంగుల గడుల ముక్కలు ఒక్కొక్కటే దిగుతున్నాయి. ఆమె వాటిని తిప్పి, జరిపి, కింద సందుల్లో ఇమిడేలా దించుతోంది. చూస్తుండగానే ఒక వరస ఈ చివరనుంచి ఆ చివరకు సందు లేకుండా నిండింది, నువ్వు మగ్గం పలక కొట్టి పోగు బిగించినంత చక్కగా. మరుక్షణం ఆ వరస లేదు. మాయమైపోయింది.

"అయ్యో, పాయె" అన్నాను పైకే.

ఆమె తలెత్తింది. "ఏం పోయింది?"

"నేసిందంతా పాయె కదమ్మా."

ఆమెకు అర్థం కాలేదు. నాకూ ఏమీ అర్థం కాలేదు. కొడుకు ఫోన్ సంగతి మరిచిపోయి అడిగాను, "ఇది ఏం కథమ్మా? రాజు గానీ రాక్షసుడు గానీ ఎవరూ కనవడ్తలేరు."

"కథ లేదు. ఎవరూ లేరు."

"గెలిస్తే ఏమొస్తది?"

"గెలవడం అనేది లేదు. ఓడిపోయేదాకా ఆడటమే."

"గట్లైతే ఎందుకాడుతున్నరు?"

"సుమ్మనె" అంది.

మన రాయచూరు చుట్టాలు అంటారే, ఊరికే అనడానికి, ఆ మాట. ఎంతమందికో ప్రాణం పోసిన మనిషి ఊరికే ఆడుకుంటోందంటే నాకు మింగుడుపడలేదు. మన నాన్న ఉంటే ఏమనేవాడో నీకు తెలుసు. ఊరికే చెయ్యి ఆడిస్తే చెయ్యి చెడుతుందనేవాడు.

తర్వాత ఆమే చెప్పింది. మనవరాలు సెలవులకు వచ్చినప్పుడు ఇదేం ఆటని ఎగతాళి చేసి, కథ ఉన్న పెద్ద ఆట ఒకటి అందులో పెట్టి వెళ్ళిందట. అందులో ఒక రాకుమారి తప్పిపోతుంది, ఊళ్ళు తగలబడుతుంటాయి, ఎవరికో మందు దొరక్క చావు దగ్గరపడుతుంది. కాసేపు చూసి తీసేయించిందట. "ఇంత చాకిరీ చేసి ఇంటికొచ్చాక ఈ పిల్లను కాపాడే పని కూడా నాదేనా సులోచనా? నా చెయ్యి జారితే ఒక ప్రాణం పోతుందని భయపడుతూనే బతికాను. ఇక్కడ చెయ్యి జారితే ఒక సందు పడుతుంది. అంతే. మళ్ళీ మొదలుపెట్టొచ్చు. దీంట్లో నీతి ఉందేమోనని వెతకొద్దు, లేదు."

ఆ మాటలకు నేను బిత్తరపోయాను. చెయ్యి జారినా ఏమీ కాని చోటు ఒకటి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. మనింట్లో ఒక పోగు తప్పితే ఆ పూట అన్నం కూడా గొంతులో పడేది కాదు కదా.

ఇంకోరోజు ఆమె దాన్ని నా చేతిలో పెట్టి "నువ్వు ఆడు" అంది. నేను వద్దంటూనే తీసుకున్నాను. ఇక్కడ నా తెలివి వినాలి నువ్వు. నిండితే మాయమవుతుంది కదా, నేసింది పోగొట్టుకోవడమెందుకని ప్రతి వరసలో ఒక్క గడి కావాలని వదిలిపెడుతూ వచ్చాను. ఒక్క వరస పోనివ్వలేదు. బట్ట చక్కగా పెరుగుతూ పెరుగుతూ పై అంచు దాకా వచ్చింది, ఆట ఆగిపోయింది. నాకు ఎంత సంబరమో. పరుగున పోయి చూపించాను. "అమ్మా, చీర అయిపోయింది."

డాక్టరమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నేను వచ్చాక ఆమె నవ్వగా వినడం అదే మొదటిసారి. దగ్గు వచ్చేదాకా, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. "సులోచనా, నువ్వు ఓడిపోయావు" అంది. "ఇంత శ్రద్ధగా ఓడిపోయినవాళ్ళను నేను చూడలేదు. నిండింది పోవాలి. పోతేనే వచ్చేదానికి చోటు. నువ్వు దాచుకున్న సందులే నిన్ను ముంచాయి."

తర్వాత నాకూ నవ్వొచ్చింది, అక్కా. అట్లా నవ్వి ఎన్నాళ్ళైందో. మళ్ళీ ఆడాను. మొదటి వరస నిండనిచ్చి కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే అది లేదు, మిగిలినవి ఒక మెట్టు కిందికి దిగాయి, పైనుంచి ఇంకో ముక్క వస్తోంది. ఏమీ కాలేదు. ఎవరూ తిట్టలేదు. పైగా ఒళ్ళంతా తేలికైంది. అమ్మేది లేదు, కొనేది లేదు, బాగుందో లేదో చెప్పేవాళ్ళు లేరు. ఆ కాసేపు నా చేతులు నా కోసమే ఆడాయి. ఇంతే సంగతా, ఇంత చిన్నదానికి ఇంత సంతోషమా అని నాకే నమ్మకం కలగలేదు.

ఇప్పుడు మధ్యాహ్నం తలుపు వేసుకునేది ఇద్దరం. ఆమె ముక్కను తిప్పుతుంది, నేను జరిపి దించుతాను. మొన్న అట్లా ఆడుతుంటే ఆమె చెయ్యి ఆగకముందే నా చెయ్యి వెళ్ళింది, ఎవరూ చెప్పకుండానే. మనిద్దరికీ కుదిరినట్టు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. గుర్తొచ్చి ఒక సంగతికి నిర్ఘాంతపోయాను. చిన్నప్పుడు నేను వామనగుంటలు ఆడాను, గచ్చకాయలు ఆడాను, బడికి పోయాను. నువ్వు మగ్గం దగ్గర ఉన్నావు కాబట్టే అవన్నీ నావయ్యాయి. అక్కా, నువ్వు ఆడుకుంటుంటే నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఎంత వెతుక్కున్నా ఒక్క జ్ఞాపకం దొరకలేదు. బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

మంజులా, నీ ఫోన్లో ఆ ఆట ఉంటుంది, వెతికి అత్తమ్మ చేతిలో పెట్టు. ఎట్లా ఆడాలో చెప్పకు. ఆమె కూడా ప్రతి వరసలో ఒక గడి వదిలిపెడుతుంది, పందెం. తిడుతుంది, "గిదేం ఆటనే, చేసిందంతా పాయె" అంటుంది. అననివ్వు.

ఆటలో నీతి వెతకొద్దని డాక్టరమ్మ చెప్పినా నా నోరు ఊరుకోదు కదా అక్కా. నా చోటు ఖాళీగా ఉంచితే నేను అక్కడ ఉన్నట్టే అనుకుంటున్నావు. నాకూ మొదట అట్లాగే అనిపించింది, ఖాళీ ఉంచితే బట్ట మిగులుతుందని. మిగలలేదు. ఆ చోట ఇంకొకరు కూర్చుంటే నేను నీ చెల్లెలు కాకుండా పోతానా? నడుముకు బెల్టు కట్టుకుని పండక్కి వస్తాను, గుంత పక్కన పీట వేసుకుని కూర్చుని మీ ఇద్దరికీ వంకలు పెడతాను. అది నాకు బాగా చేతనవును.

బావను బీడీలు తగ్గించమను. ఇంటి వెనక ముసలవ్వకు నా దండాలు చెప్పండి, తొక్కు సంగతి మరవకండి. జమ్ములమ్మ గుడికి పోయినప్పుడు నా పేరున కూడా ఒక కొబ్బరికాయ కొట్టి, నన్ను దీవించు. నీ దీవెన ఫోన్లో రావడం లేదు కాబట్టి గాలిలోనైనా పంపు.

మంజులా, ఇక చదివేది ఏమీ లేదు. కాగితం మడిచి గూట్లో పెట్టు. అత్తమ్మ ముఖం చూడకు, మాట అడగకు. పోయి దుప్పటి తీసి, అటు పక్క నా చోట కూర్చో. ఆమె నిన్ను లేవమనకపోతే, అంచు నాడె కుడిచేత్తో అందించు.

నీ చెల్లెలు,
సులోచన