స్విచ్ నొక్కొద్దు

అమ్మలూ, బడి నుంచి రాగానే కంప్యూటర్ స్విచ్ నొక్కొద్దు. పాలు కాచి మూతపెట్టాను, ముందు అవి తాగు.

గేములాడే కంప్యూటర్ కొత్తది కొనే తాహతు లేక, ఏడాదిగా ఒక్కో పార్టూ పాతది వెతికి తెచ్చాను కదా. ఆఖరిది ఆ ప్రాసెసర్. సాయంత్రం ఇద్దరం కలిసి బిగిద్దామన్నావు. నేనే ఆగలేకపోయాను.

దాని అడుగున మురికి కనిపిస్తే, వాచీ చక్రాలు తుడిచినట్టే బ్రష్షుతో రుద్దాను. ప్రాసెసర్‌కుండే వెంట్రుకల్లాంటి లోహపు కాళ్లు వంగిపోయాయి. సరిచేయబోతే రెండు ఊడొచ్చాయి. షాపువాడికి ఫోన్ చేస్తే అతికేది కాదన్నాడు.

ఊళ్లోవాళ్ల వాచీలన్నీ బాగుచేసే చేతులివి. ఇంకోటి కొనే దారి నాకు కనబడటం లేదు. అమ్మకి నేనే చెబుతాను.

నాన్న

తెర మీద ఏమీ రాదు. అలాగే బిగించి నొక్కితే లోపలి లైట్లు మాత్రం వెలుగుతున్నాయి. మరీ చూడాలనిపిస్తే ఒక్కసారి నొక్కుకో.