నా భర్త గర్భవతి కాడని మనవి

యంత్రాల తనిఖీ అధికారి గారికి,
నాంపల్లి.

అయ్యా,

విషయం: మెదడు ఆపరేషన్ గదిలోని అల్ట్రాసౌండ్ యంత్రానికి తమ ఆఫీసు వేసిన సీలును గురువారంలోగా తీయించుట గురించి.

గౌలిగూడ వాస్తవ్యురాలు, రిటైర్డ్ లెక్కల టీచరు జమున తెలియజేసుకొనునది.

1. బేగం బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం నడిపే నా భర్త రాజనర్సు (58) తలలో గడ్డ ఉన్నది. అది మాటలు పుట్టే చోటును ఆనుకొని ఉన్నది. ఆబిడ్స్ దగ్గరి దవాఖానలో శుక్రవారం ఆపరేషన్. ఇంకా ఆగితే మాట పోతుందన్నారు.

2. డాక్టర్ మహీధర్ గారు నాతో అన్న మాటలివి: "తల తెరిచినంక మెదడు జర జరుగుతదమ్మా. ముందు తీసిన స్కాన్‌ల కనవడ్డ జాగల గడ్డ ఉండదు. గీ మిషన్ మెదడుకు ఆనిచ్చి చూస్తెనే ఇంకెంత మిగిలిందో తెలుస్తది. లేకుంటె అందాజు మీద తీయాలె." లెక్కల టీచరుకు అర్థమైన ఈ సంగతి తమ ఆఫీసుకు అర్థం కాలేదు.

3. తమ ఇన్‌స్పెక్టరు గోపాలరావు గారు దవాఖానకు వచ్చి, కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పరాదనే చట్టం కింద గర్భిణుల రిజిస్టరు అడిగి, లేదన్నందుకు యంత్రానికి సీలు వేశారు. ఆ చట్టం మంచిదే. ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్లు పనిచేసిన నాకు దాని విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. అయితే పుర్రెలో బిడ్డను మోసేవారెవరైనా తమ దృష్టికి వచ్చి ఉంటే, ఆ ఫైలు నంబరు తెలుపగలరు.

4. నిన్న తమ ఆఫీసుకు వస్తే గుమస్తా గర్భిణుల ఫారం చేతిలో పెట్టి, "పేషెంటు పేరు మీద నింపున్రి మేడం, ఎన్నో నెలో రాయున్రి" అన్నారు.

"పేషెంటు మగాయన బాబూ."

"ఔ, గా సంగతి రిమార్కుల రాయున్రి."

రాశాను. మీసాలున్నాయని కూడా రాశాను.

5. ఫైలు ఆపరేషన్ రోజు దాటాక, సోమవారం తమ బల్ల మీదికి వస్తుందట. గడ్డ ప్రభుత్వోద్యోగి కానందున శని, ఆదివారాల్లో కూడా పెరుగుతున్నది.

కావున తమరు చిత్తగించి, వీలైతే ఒకసారి ఆలోచించి, సీలు తీయించవలెను.

తమకు విధేయురాలిగా ఉండటానికి ఎంతో కష్టపడుతున్న,
జమున

తా.క.: రాసింది చదువుకుంటే భయమేస్తోంది సార్. తిరిగి రాసేంత టైము లేదు. ఈ వెటకారమంతా నాదే, ఆయనకేమీ తెలియదు. ఆయన ఎవరినీ పల్లెత్తు మాట అనే మనిషి కాదు. మీకు కోపమొస్తే నన్ను పిలిపించి తిట్టండి, నిలబడి వింటాను. సీలు మాత్రం తీయించండి, దండం పెడతాను. ఈ పొద్దున ఆయన నన్ను పిలవబోయి, నా పేరు గుర్తురాక ఏడ్చారు.