అరుణ తెచ్చిన ఎముకల గోలీలు

అత్తమ్మకు ఆ ఎముకల గోలీలు ఇయ్యకుండ్రి. సీసా దాచిపెట్టిన. అడిగితే అయిపోయినయని చెప్పుండ్రి. నిన్న సంగారెడ్డి డాక్టరుకు చూపిస్తే, అవి స్ట్రాన్షియం గోలీలన్నడు. ఎముకల్ల సున్నం చోట చేరుతదంట, కిడ్నీలు బాగలేకుంటే ఒంట్లకెళ్లి సరిగ బయటికి పోదంట. అత్తమ్మకు కాళ్ల వాపున్నది గద, పరీక్ష చేయించేదాక ఒక్కటి గూడ వద్దన్నడు. అడగకుండ ఎట్ల మింగించిండ్రని నా మీదనే గరమైండు.

ఇచ్చింది నేనా? మీ తమ్ముని భార్య అరుణ. వాళ్లన్న పటాన్‌చెరుల మందుల కంపెనీల ఉన్నడాయె. నెలకోసారి వచ్చి సీసా చేతుల పెట్టి పోతది, అత్తమ్మ దాన్ని వాడకట్టంత తిప్పి చూపిస్తది. ఏడేండ్ల సంది పొద్దుగాల లేచి మోకాళ్లకు నూనె రాస్తున్న. ఆ ముచ్చట ఒక్కరికన్న చెప్పిందా?

మా చెల్లెకు నొప్పులొస్తున్నయంట, లక్డారం పోతున్న. రేపు వస్త.

చంద్రకళ

మరిచిన. పొయ్యి మీద తైదల అంబలి ఉన్నది, ఎముకలకు బలమని నువ్వులు నూరి కలిపిన. నేను చేసిన్నంటే రెండు గుటకలు తాగి పక్కకు పెడతది. అరుణ పంపిందని చెప్పుండ్రి.