నారింజ పాదుల్లో మంచి బూజు

అమ్మకు నీ చిన్నది రాయునది. ఇక్కడ నేనూ నాన్నా కులాసా. తోట కూడా కోలుకుంది. అక్కడ అక్కా, పసిపాపా, వాళ్ళ వెనక నిద్ర చాలని నువ్వూ బాగున్నారని తలుస్తాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటనుకోకు. ఫోన్‌లో మాట్లాడితే నాన్న పక్కనే ఉంటారు.

పై వరస చెట్లు కొట్టించేశారా అని అడిగావు. లేదు. ఆకులు పసుపెక్కి, తవ్వి చూస్తే వేళ్ళ బెరడు తడి కాగితంలా ఊడి వచ్చేసరికి నాన్న గొడ్డలికి పదును పెట్టిన మాట నిజమే. నేను అడ్డుపడి, నర్సరీ నడిపే పిన్ని దగ్గర ట్రైకోడెర్మా పొడి తెచ్చాను.

"ఏమిటిది?" అన్నారు.

"బూజు నాన్నా. వేళ్ళను తినే బూజును ఇది తినేస్తుంది."

"రొట్టెకు బూజు పడితే పారేసే ఇంట్లో, డబ్బిచ్చి బూజు కొనుక్కొచ్చావా?"

అలా నవ్విన మనిషే మాగిన పశువుల ఎరువు తట్టలతో మోసుకొచ్చారు. పొడి అందులో కలిపి, నీళ్ళు చిలకరించి, పాక నీడన గోనెపట్టాలు కప్పి ఉంచాం. కొన్నాళ్ళకు పట్టా ఎత్తితే ఎరువు నిండా పచ్చటి బూజు. నాన్న గుప్పెడు తీసి వాసన చూసి, "వాన పడ్డ మట్టిలా ఉందే" అన్నారు. దాన్ని పాదుల్లో వేసి, నీరు నిలవకుండా కాలవలు తీశాం.

ఇప్పుడు పై వరసంతా చిగుళ్ళు. మట్టి కదిపితే తెల్లటి పిల్లవేళ్ళు. నాన్న పక్కతోటవాళ్ళను పిలిచి "మా బూజు" అని చూపిస్తున్నారు, తనే కనిపెట్టినట్టు.

ఇక అసలు మాట. అమ్మా, బావి పక్కన నువ్వు కాపురానికొచ్చిన ఏడు నాటుకున్న చెట్టు పోయింది. దాని వేళ్ళు అప్పటికే ముప్పాతిక మువ్వీసం కుళ్ళాయి. అన్నిటితో పాటు దానికీ ఎరువు వేశాను. నాన్న మాత్రం నాకు చెప్పకుండా, దానికొక్కదానికే ఇదివరకు వాడే బూజుమందు కూడా పోశారు. ఆ మందుకు మంచి బూజూ చెడ్డ బూజూ తేడా తెలియదు, రెంటినీ చంపేస్తుంది.

"మీ అమ్మ చెట్టు కదా, ఒకటికి రెండు మందులైతే గట్టిగా నిలబడుతుందనుకున్నాను" అన్నారు.

పోయకపోయినా అది బతికేది కాదని పిన్ని చెప్పింది, నేనూ చెప్పాను. వింటేగా. కూలీలను చెయ్యి వెయ్యనివ్వకుండా తనే కొట్టారు. ఆ పూట అన్నానికి రాలేదు.

"అమ్మకు నువ్వు చెప్పకు, నేనే చెప్తాను" అన్నారు. ఫోన్ తీసుకున్న ప్రతిసారీ గొంతు సవరించుకుని, పాప పాలు తాగిందా అని అడిగి, నా చేతికిచ్చేస్తున్నారు.

ఈసారి అలా గొంతు సవరించుకుంటే తొందరపెట్టకు. తెలుసని అనకు. ఆయన్నే చెప్పనీ. విన్నాక కాస్త కోప్పడు కూడా. నువ్వు ఏమీ అనకపోతే ఆయనకు ఇంకా బరువు.

ఇట్లు,
నోట్లో నువ్వుగింజ నానని
నీ చిన్న కూతురు