అక్షయ రాయని బుధవారం

మొగల్రాజపురం, విజయవాడ
ఆదివారం

చి.సౌ. భానుశ్రీకి,

మీ అత్తయ్య మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం ఆరోగ్యంగానే ఉన్నాం. తుంటి ఆపరేషన్ తర్వాత మీ అమ్మగారు వాకర్ పట్టుకుని వరండా దాకా నడిచారని చదివాక నా మనసు కుదుటపడింది. వదినగారిని అడిగానని చెప్పు. గంగావతిలో ఎండలు అప్పుడే మొదలయ్యాయన్నావు. ఆవిడ సేవలో పడి నువ్వు తిండి మానేయకు.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. ఫోన్లు ఉండగా ఈ పోస్టు కవర్లేమిటని మావాడు సిద్ధార్థ నవ్వుతాడు గానీ, ఉత్తరం రాయడం అక్షయకు పాఠంగా పెట్టి మంచి పని చేశావు. ఫోన్లో చెప్పలేని సంగతి ఒకటి నాకూ ఉంది. అది చివర రాస్తాను. ముందు నువ్వడిగినవి.

సెలవు వారంలో పాఠాల జోలికి వెళ్ళారా అనడిగావు. ఇంట్లో వెళ్ళలేదు. ఆరు వారాలు చదువు, ఏడో వారం ఆటలు, షికార్లు అని నువ్వు పెట్టిన పద్ధతి నాకు మొదట్లో మింగుడుపడని మాట నిజమే. కానీ సోమవారం పొద్దున పిల్ల బెండకాయలు అడ్డంగా కోసి, పసుపులోనూ బీట్‌రూట్ రసంలోనూ అద్ది, మీ మామయ్యగారి పాత పంచె నిండా పూలు అచ్చేస్తుంటే నేనూ కొంగు బిగించి పక్కన కూర్చున్నాను. రంగు నిలిచిందా అని కదూ అడిగావు? ఒక్క ఉతుకుకి బీట్‌రూట్ వెళ్ళిపోయింది. పసుపు మాత్రం పోలేదు.

మంగళవారం పామర్రులో బస్సు మారి కూచిపూడి వెళ్ళాం. అక్కడ చిన్నపిల్లలు అడుగులు నేర్చుకుంటుంటే అక్షయ మెట్ల మీద కూర్చుని గంటసేపు తొడ మీద తాళం వేసింది. తిరిగొచ్చేటప్పుడు దారంతా మినుము పీకుతున్నారు. ఒక రైతును అడిగి కాయలున్న మొక్క తెచ్చుకుంది. గురువారం పడవెక్కి భవానీ ద్వీపం వెళ్ళాం. అవన్నీ అదే నీకు రాసింది.

ఇక బుధవారం. “నానమ్మకు కాళ్ళ నొప్పులని ఎక్కడికీ వెళ్ళలేదని అక్షయ ఫోన్లో చెప్పింది. ఉత్తరంలో మంగళవారం తర్వాత గురువారమే ఉంది. పిల్లకేమైనా అయితే దాచకండి అత్తయ్యగారూ” అని రాశావు.

నాకు కాళ్ళ నొప్పులు లేవమ్మా.

ముప్పై ఒక్కేళ్ళు మండల పరిషత్ బడిలో పాఠాలు చెప్పినదాన్ని. ఇల్లిల్లూ తిరిగి, తల్లిదండ్రుల్ని బతిమాలి పిల్లల్ని బడిలో చేర్పించినదాన్ని. సొంత మనవరాలు బడికి వెళ్ళదని, ఇంట్లో నీ దగ్గరే చదువుకుంటుందని చెప్పుకోవడం నాకు తలవంపులుగా ఉండేది. మొన్న పామర్రు పెళ్ళిలో మా జానకి వదిన అందరి ముందూ “మీ మనవరాలు ఏ స్కూలు?” అనడిగితే నోటికొచ్చిన స్కూలు పేరొకటి చెప్పేశాను. ఆ అబద్ధాన్ని నిజం చేద్దామనుకున్నాను. నువ్వు ఊళ్ళో లేని సమయం చూసుకున్నాను. సిద్ధార్థకు కూడా చెప్పలేదు.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక స్కూల్లో వచ్చే ఏటికి ఐదో తరగతి ప్రవేశానికి పరీక్ష పెడుతున్నారని తెలిసి పేరు రాయించాను. పిల్లకు ఔటింగ్ అని చెప్పాను. ఎక్కడికని అడిగితే సర్‌ప్రైజ్ అన్నాను. అది టోపీ పెట్టుకుని, మంచినీళ్ళ సీసా తగిలించుకుని, రాత్రి అట్టగొట్టాలు అతికించి చేసుకున్న బైనాక్యులర్స్ మెడలో వేసుకుని ఆటో ఎక్కింది. పిట్టల్ని చూడ్డానికి అనుకుంది.

పరీక్ష గదిలో మిగతా పిల్లలందరూ యూనిఫాముల్లో ఉన్నారు. అక్షయ బైనాక్యులర్స్ తీసి ప్రశ్నాపత్రం పక్కన పెట్టుకుని, తలుపు దగ్గర నిలబడ్డ నా వంక చూసింది. రాయమని చెయ్యి ఊపాను.

అక్కడి టీచరు క్రిస్టినా పామర్రులో నా దగ్గర చదువుకున్న పిల్లే. నన్ను చూడగానే లేచి కుర్చీ వేసింది. గంట తర్వాత పేపరు చూపించి, “తెలివైన పిల్లేనండీ టీచరుగారూ. కాకపోతే ఒక్క లెక్క దగ్గరే ఆగిపోయింది. దానికి నాలుగు రకాలుగా బొమ్మలేసింది. మిగతాదంతా ఖాళీ. రూలు ప్రకారం నాలుగులోనే తీసుకుంటామండీ” అంది. మర్యాదగానే చెప్పింది. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

వరండాలోకి రాగానే పిల్ల మీద పడ్డాను. “ఇన్నాళ్ళూ ఇంట్లో కూర్చుని నేర్చుకుంది ఇదా? నా పరువు తీశావు” అన్నాను. పక్కన వేరే తల్లులు ఉన్నారు, భానూ. అందరూ విన్నారు.

“ఔటింగ్ అన్నావు గదా నానమ్మా. లెక్క బావుందని ఆడుకుంటున్నా” అంది.

మన ఇంటి గేటు దగ్గర ఆటో దిగాక, “అమ్మకి చెప్పకు. తెలిస్తే బాధపడుద్ది” అన్నాను. ఎప్పట్నుంచో అడుగుతున్న మెరుపు కాగితాలు కొనిచ్చాను. ఆ ప్యాకెట్ ఇంతవరకు విప్పలేదు. సాయంత్రం నువ్వు ఫోన్ చేసినప్పుడు నా కాళ్ళ నొప్పుల సంగతి తనే కల్పించి చెప్పింది. నేను పక్కనే కూర్చుని విన్నాను. ఫోన్ అందుకుని నిజం చెప్పలేకపోయాను.

తర్వాత రెండు రోజులకు పాలు తాగుతూ, “నేను నాలుగో క్లాసేనా నానమ్మా?” అనడిగింది. తను ఏ క్లాసో ఆ పిల్ల ఎప్పుడూ ఆలోచించుకోలేదు. ఆ దిగులు దానికి నేను పెట్టాను.

నీ ఉత్తరం వచ్చాక అక్షయ మళ్ళీ రాయడానికి కూర్చుంది. నిన్న బల్ల సర్దుతుంటే నాలుగు కాగితాలు దొరికాయి. నాలుగింటి మీదా “బుధవారం మేము” అని మాత్రమే ఉంది. ఏమిటని అడిగితే, “ఫోన్లో అయితే చెప్పేశాను. రాస్తుంటే రావట్లా” అంది.

అప్పుడు దానితో అన్నాను, “బుధవారం సంగతి నేను రాస్తాలే” అని.

“నేను అబద్ధం చెప్పానని కూడా రాస్తావా?”

“నేను చెప్పించానని రాస్తాను.”

నిన్న సాయంత్రం సిద్ధార్థకు చెప్పాను. అన్నం సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. ఈ పొద్దున కాఫీ ఇస్తే అందుకున్నాడు గానీ నా ముఖం చూడలేదు.

బడిలో ఎవరి పెన్సిల్ ఎవరు తీసినా, నిజం చెబితే కొట్టనని చెప్పి ఒప్పించేదాన్ని. తొమ్మిదేళ్ళ పిల్ల చేత నా కోసం అబద్ధం చెప్పించాను. పిల్లకు ఎలా చదువు చెప్పాలన్న మాట అటుంచు, నీ వెనకాల ఇలా చెయ్యడం తప్పు. నువ్వొచ్చేదాకా పిల్లను కనిపెట్టుకుని ఉంటాను. ఆ తర్వాత ఉండమంటే ఉంటాను, పామర్రు వెళ్ళమంటే వెళ్తాను. క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు.

సంతకం పెట్టేముందు ఉత్తరం అక్షయకిచ్చి చదవమన్నాను. దాని గురించి రాసింది అది చూడాలి గదా. వేలు పెట్టుకుని ఒక్కో వరసా చదివింది. అంతా అయ్యాక, “నేను ఆటోలో ఏడ్చింది రాయలేదేం?” అంది.

“ఏడ్చావా? నేను చూళ్ళేదే.”

“నువ్వు అటు తిరిగి కూర్చున్నావుగా.”

నిజమే. ఇల్లు చేరేదాకా నేను రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను. అందుకని అదీ రాశాను.

ఇట్లు,
మీ అత్తయ్య
సుబ్బరత్నం